ముడి విప్పని మూట

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో ఒకడు దుబాయికి బయలుదేరుచున్నాడన్న వార్త పుట్టినంతనే ఆ యింటికి మూటలు చేరుట మొదలగును. (ఏ అరబ్బు దేశమునకు పోయినను మనవారికది దుబాయియే.) 1970వ దశాబ్దమునుండి జగిత్యాల, సిరిసిల్ల, నిర్మలు మొదలగు తావులనుండి పొట్టకూటికై పోవువారితో పాటు ఈ యాచారము గూడ పెరిగినది. ఒక తల్లి సకినాలు కట్టి యిచ్చును. ఒక యిల్లాలు మామిడి తొక్కుతో గసగసాల పొట్లమును జేర్చి పంపును. వేరొకరు నొప్పిమాత్రలు తెత్తురు. పుచ్చుకొనువాడు ముడి విప్పడు. విప్పి చూచుట ఇచ్చినవారిని శంకించుటయని మన భావము. ఈ మర్యాద నిజముగా మర్యాదయేనా?

గసగసాలు మన వంటింట నిత్యవస్తువు. మన చట్టమునకు వానితో పేచీ లేదు. అవియే ఎమిరేట్సులోను, సౌదీ అరేబియాలోను నిషిద్ధములు. అచ్చటివారి కంటికవి నల్లమందు మొక్క గింజలే గాని మసాలా గావు. ట్రమడాల్ అను నొప్పిమాత్ర సైతము తగిన అనుమతి లేక ఎమిరేట్సులో దొరకినచో నేరమగును. ఇచ్చిన తల్లికి దురుద్దేశము లేదు, మోసినవానికి ఎరుక లేదు. చెరసాల తలుపు మాత్రము తెరచియే యుండును. 1985 నాటి మన మాదకద్రవ్యముల చట్టములోని 35వ సెక్షను కూడ, నిందితుడు తెలిసియే చేసెనని న్యాయస్థానము ముందుగా భావింపవలెననుచున్నది. తెలియదని నిరూపించుకొను భారము అతనిదే. తన మనస్సులో లేనిదానిని పరులకు చూపుట యెట్లు? పరభాష పలుకు కోర్టులో మరి యెట్లు?

జైమిని భారతములోని చంద్రహాసుడు దుష్టబుద్ధి యిచ్చిన లేఖను విప్పకయే మోసికొనిపోయెను. అందు తనకే విషమిమ్మని వ్రాసియుండెను. విప్పకుండుటను మనము సుగుణముగా చెప్పుకొందుము గాని, అతనిని బ్రదికించినది విప్పి చదివి అక్షరము మార్చిన విషయ. కథ చెప్పువారు ఈ సంగతిని త్వరగా దాటిపోదురు!

నమ్మకము వేరు, ఎరుక వేరు. మనిషిని నమ్మవచ్చును, ఆ మనిషి చేతికి మూట మరియొకని చేతినుండి వచ్చియుండవచ్చును. 1986 ఏప్రిల్ 17న లండను హీత్రో విమానాశ్రయమున, గర్భవతియైన ఐర్లండు యువతి యొకతె టెల్ అవీవ్ పోవు విమానమెక్కబోవగా, ఆమె సంచి అడుగున పేలుడు పదార్థము బయటపడెను. దానినిచ్చినవాడు ఆమెను పెండ్లాడెదనన్న నెజార్ హిందావీ. ఆమెకేమియు తెలియదు. ఆ విమానమున పోవలసినవారు 300కు పైగా. సంచి విప్పిన తనిఖీదారుడు ఆమె ప్రేమను అవమానించెనందుమా? విమానము నడపువారిని, పరిచారికలను సైతము మన విమానాశ్రయములలో తనిఖీ చేసియే లోనికి విడుతురు. ఉడుపు చూచి వదలినచో ఆ యుడుపునకే మూటలిచ్చువారు పుట్టెదరు.

బీదలకు విదేశపు తపాలా సుంకము భారము. పోవువాని చేయియే వారి తపాలా. కావున మూటలే వద్దనుట నాకు సమ్మతము గాదు. కాని విప్పుమని యడుగవలసిన కష్టమును మోయువానిపై నుంచుట అన్యాయము. ఇచ్చువాడే, అడుగకమునుపే విప్పి, వస్తువు పేరు చెప్పి, ఎదుటనే తిరిగి కట్టవలెను.

చుట్టపక్కాల మూటలకు ఈ మాట చాలును. దళారి పొట్లమునకు చాలదు. అప్పు చేసి వీసా కొన్నవానికి ప్రయాణపు రాత్రి షంషాబాదు వాకిట దళారి టికెట్టుతో పాటు ఒక పొట్లమును చేతబెట్టి, అక్కడ తనవాడు వచ్చి తీసికొనునని చెప్పెననుకొందము. కాదన్నచో టికెట్టు పోవును. టికెట్టు పోయినచో ఇంటిమీది అప్పు నిలుచును. అతడు తలయూపును. ఆ తలయూపును సమ్మతి యనుటకు నాకు నోరు రాదు. చట్టము మాత్రము పొట్లము ఎవని సంచిలో దొరకెనో వాని పేరునే వ్రాసికొనును. దళారి అప్పటికి బస్సెక్కి జగిత్యాల చేరియుండును.