అంతరించినదానిదే తప్పా?

"కాలానికి తగ్గట్టు మారనివాళ్లు అంతరించిపోతారు." ఈ మాట మన పిల్లలు రెండుచోట్ల వింటారు. ఒకటి తరగతి గదిలో, జీవపరిణామం పాఠం చెప్పేటప్పుడు. అక్కడ అది జంతువుల గురించి. రెండోది గుడివాడ చుట్టుపక్కల పొలంగట్ల మీద. కలుగులోకి పొగ ఊదుతున్న యానాదిని చూసి దారినపోయేవాడు అంటాడు: "ఇంకా ఎలుకలు పట్టే బతుకేనా? మారకపోతే మీరే మిగలరు." తన మాటకు సైన్సు తోడుందని అతని ధీమా. ఆ తోడు నిజంగా ఉందా? అంతరించిపోయిన జంతువులు మారడం చేతకాక అంతరించాయా? ఈ ప్రశ్నకు జవాబు దొరికే చోటు దీవులు.

మనకూ ఒక దీవి ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి, సముద్రంతో కలిసి చుట్టేసిన నేల దివిసీమ. కానీ దివిసీమలో తప్ప ఎక్కడా కనిపించని జంతువు ఏదీ లేదు. ఈ డెల్టా నేల కొన్ని వేల ఏళ్లుగా ఒండ్రు పేరుకుని ఏర్పడింది, భూమి వయసుతో చూస్తే నిన్నటిది. పాయలు కూడా ఈదితే దాటగలిగినవే. ఒక జంతువు తన జాతి నుంచి విడిపోయి వేరే రూపు దిద్దుకోవాలంటే మధ్యలో ఎడం కావాలి, కాలం కావాలి. ఆ రెండూ దొరికిన దీవుల్లో ఏం జరిగిందో ఎముకలు చెబుతున్నాయి.

మధ్యధరా సముద్రంలోని సిసిలీ దీవికి ఒకప్పుడు పెద్ద ఏనుగులు చేరాయి. వాటి సంతతి తగ్గుతూ తగ్గుతూ భుజం దగ్గర ఒక్క మీటరు ఎత్తుకు వచ్చింది. ఏ ఏనుగూ తనంతట తాను కుంచించుకుపోలేదు. దీవిలో మేత తక్కువ, పెద్ద పులులూ సింహాలూ లేవు. పెద్ద ఒళ్లు అక్కడ రక్షణ కాదు, బరువు. తక్కువ తిండితో బతికి, త్వరగా ఈనే చిన్న ఏనుగుల పిల్లలే తరతరానికీ ఎక్కువగా మిగిలాయి. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఉన్న జెర్సీ దీవిలో, లక్ష ఏళ్లకు ముందు చిక్కుకుపోయిన ఎర్రదుప్పులు ఆరువేల ఏళ్లలోపే ఆరోవంతు బరువుకు దిగాయి. ఎలుకల వంటి చిన్నవాటిలో చాలాచోట్ల ఇందుకు తిరగబడి జరిగింది. పట్టి తినేవి లేనిచోట అవి పెద్దవయ్యాయి. కాబట్టి అంతరించినవి మారలేదన్నది అబద్ధం. అవి మారినంతగా మారినవి తక్కువ.

మజోర్కా, మెనోర్కా దీవుల్లో మయోట్రాగస్ అనే మేకజాతి జంతువు ఉండేది. వేటాడే మృగం లేని చోట యాభై లక్షల ఏళ్లు బతికింది. మేకకు కళ్లు పక్కలకు ఉంటాయి, వెనక నుంచి వచ్చేదాన్ని కనిపెట్టడానికి. దీనికి కళ్లు ముందుకు వచ్చాయి. కాళ్లు పొట్టివయ్యాయి. మెదడు కూడా చిన్నదైంది. పరుగుకూ భయానికీ ఖర్చయ్యే శక్తిని కరువు రోజులకు దాచుకుంది. సుమారు నాలుగున్నర వేల ఏళ్ల కిందట అక్కడికి మనుషులు చేరారు. కొద్దికాలానికే అది లేకుండా పోయింది. ఆ మేకను మందబుద్ధి అనవచ్చా? మనిషిజాతి వయసు మూడు లక్షల ఏళ్లు. అంతకు పదిహేను రెట్లకు పైగా కాలం అది తన నేలకు సరిగ్గా సరిపోయి బతికింది. చివరికి నేల నియమం మారింది. సర్దుకోవడానికి వ్యవధి మాత్రం దొరకలేదు.

ఇక మన కాలంలోది. ఆస్ట్రేలియాకు ఉత్తరాన బ్రాంబుల్ కే అనే చిన్న పగడపు దిబ్బ ఉంది. సముద్రమట్టానికి మూడు మీటర్లకు మించి లేవదు. మెలొమిస్ ఎలుకల్లో ఒక జాతి ప్రపంచం మొత్తంలో అక్కడే ఉండేది. ఉప్పునీరు పదేపదే దిబ్బను ముంచి, అది తినే మొక్కలు చచ్చాయి. 2009 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. 2014లో వెతికారు, దొరకలేదు. 2019లో ఆస్ట్రేలియా ప్రభుత్వం అది అంతరించిందని ప్రకటించింది. మనుషులు తెచ్చిన వాతావరణ మార్పు వల్ల పోయిన మొదటి క్షీరదంగా దాన్ని చెబుతారు. సముద్రాన్ని పెంచిన పొగలో ఆ ఎలుక వంతు ఏమీ లేదు.

ఉప్పునీరు ముంచడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? 1864లో బందరును ముంచిన ఉప్పెనలో ముప్పైవేల మంది పోయారంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన కొట్టినప్పుడు ప్రభుత్వ లెక్కే పదివేలకు దగ్గరగా ఉంది. కెరటం అందరి మీదికీ ఒకటే వచ్చింది. కానీ పల్లంలో తాటాకు గుడిసెలో ఉన్నవాడికీ మెరకమీద గట్టి మేడలో ఉన్నవాడికీ అది ఒకటే కాదు. పోయినవాళ్లు బతకడానికి తగనివాళ్లని అనడానికి ఎవరికైనా నోరు వస్తుందా? తేడా నెత్తుటిలో లేదు, ఎత్తులో ఉంది. ఆ తర్వాత తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. అంటే ఎత్తు అనేది మనుషులు ఇవ్వగలిగినదే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మనల్ని జంతువులతో పోల్చి జాలిపడేవాళ్లకు నేను ఆధారం ఇవ్వడం లేదు. మేక కళ్లు ముందుకు రావడానికి లక్షల ఏళ్లు పట్టాయి. మనిషి ఒళ్లు మారకుండానే నేర్చుకుని మారతాడు. కలుగు చూసి లోపల ఎలుక ఉందో లేదో చెప్పగల తాత మనవరాలు అదే ఎలుక గురించి జంతుశాస్త్రంలో డిగ్రీ చదవగలదు. ఒకటి నేర్వడానికి ఇంకొకటి మరవాల్సిన పని లేదు. కాబట్టి మారాలా వద్దా అన్నది మన ప్రశ్న కాదు. ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అన్నది ఎవరు నిర్ణయిస్తారు, అందుకు ఎంత వ్యవధి ఇస్తారు అన్నదే ప్రశ్న.

ఉపాధ్యాయులకు ఒక మనవి. 'తగినదే మిగులుతుంది' అన్న మాట మొదట డార్విన్‌ది కాదు. హెర్బర్ట్ స్పెన్సర్ 1864లో వాడాడు, డార్విన్ దాన్ని 1869లో తన పుస్తకం అయిదో ముద్రణలోకి తీసుకున్నాడు. అందులో 'తగినది' అంటే బలమైనదని కాదు, గొప్పదనీ కాదు. ఆ చోటికి, ఆ కాలానికి సరిపోయినదని మాత్రమే. పైగా ప్రకృతిలో ఏం జరిగిందో చెప్పే మాట, మనం ఏం చేయాలో చెప్పే మాట కాదు. వరద పల్లానికి పారుతుందని తెలిసినంత మాత్రాన పల్లంలోవాళ్లు మునగడం న్యాయం అయిపోదు.

నాగాయలంక వైపు మడ అడవుల్లో బావురుపిల్లి ఇంకా ఉంది. దాని వేళ్ల మధ్య కొద్దిగా పొర ఉంటుంది, నీళ్లలో దిగి చేపను పడుతుంది. పాయలకూ బురదకూ సరిపోయిన ఒళ్లు. మడ చెట్లు కొట్టి రొయ్యల చెరువులు తవ్వుకుంటూ పోయి, రేపు అది కనిపించకపోతే, పాఠంలో ఏమని రాస్తాం? "పరిసరాలకు తగ్గట్టు మారలేక అంతరించింది" అనా? ఆ వాక్యంలో చెరువు తవ్వినవాడు ఉండడు. అందుకే ఈ పాఠం చెప్పేటప్పుడు పిల్లల చేత మరో మూడు ప్రశ్నలు అడిగించండి. ఏం మారింది? ఎవరు మార్చారు? ఎంత వ్యవధి ఇచ్చారు? వెనక బెంచీలో కూర్చున్న మన పిల్ల అప్పుడు తల వంచుకోదు. జవాబు తనకు తెలుసు గనక చెయ్యెత్తుతుంది.