పండుగ లేని యింటికి మొదటి వార్త

ధ్యానమునకు వాక్యభాగములు: లూకా 2:8–20, మత్తయి 2:16–18



డిసెంబరు మాసము ప్రవేశించుటతోనే మన గుడి ఆవరణము మేలుకొనును. గోడలకు సున్నము వేయుదురు. యువజనులు వెదురు బద్దలతో నక్షత్రము కట్టి గుడి మీదికి ఎత్తుదురు. సండే స్కూలు పిల్లలు తాతగారి గొంగళి కప్పుకొని, చేత కఱ్ఱ పట్టుకొని గొల్లవారగుదురు. స్త్రీల సమాజమువారు ప్రేమవిందుకు బియ్యము, పప్పు సమకూర్చుదురు. రాత్రివేళ పాటల బృందము డోలకు, తాళములు పట్టుకొని ఇంటింటికి తిరుగును. ఇవన్నియు మంచివే. వీటివలన సంఘము ఒక కుటుంబమని పిల్లలు చిన్ననాటనే నేర్చుకొందురు.

అయితే ఈ నెల మనమొక ప్రశ్నను మనస్సున నుంచుకొని వాక్యమును ధ్యానింతము. క్రిస్మసు వార్త మొదట ఎవరి యొద్దకు పంపబడెను? మన సంఘములో అది ఎవరి యింటికి మొదట పోవుచున్నది?

మొదటిది: వార్త పని స్థలమునకు వచ్చెను.

లూకా తన రెండవ అధ్యాయమును చక్రవర్తియైన ఔగుస్తు పేరుతో ప్రారంభించి, సిరియా అధిపతి కురేనియు పేరు కూడ చెప్పుచున్నాడు. ఆ దినములలో వార్త ఏదైనను మొదట అట్టివారి చెవిని పడవలెను. గాని దేవదూత రోమాకు పోలేదు. అయిదారు మైళ్ల దూరములోనే యెరూషలేము దేవాలయమున్నది, యాజకులున్నారు, శాస్త్రులున్నారు. అక్కడికిని పోలేదు. పొలములో మంద కాచుకొనుచున్న కాపరుల యొద్దకు వచ్చెను.

ఆ కాపరులు ఆ రాత్రి ప్రార్థనకు కూడుకొన్నవారు కారు. వారు పనిలో ఉన్నారు. మందను విడిచి దేవాలయమునకు పోవుటకు వారికి తీరిక లేదు. వారు రాలేరు గనుక వార్తయే వారి యొద్దకు నడచి వచ్చెను. దీనిని మనము శ్రద్ధగా గమనింపవలెను. ఆరాధనకు రాలేనివారిని దేవుడు తన లెక్కలో నుండి కొట్టివేయలేదు.

మన ఆలూరు, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. తెల్లవారక మునుపే కూరగాయల గంపలు, పూల మూటలు, పాల క్యానులు హైదరాబాదు దారి పట్టును. మఱ్ఱిచెట్ల వరుసల నడుమ సాగు ఆ రోడ్డు మీదనే అనేకుల జీవనము. కొందరు పట్టణమునకు పోవుదురు. కొందరు ఆ రోడ్డు ప్రక్కనే గోనెపట్టా పరచి అమ్ముకొందురు. వారిలో ఆదివారమున కూడ బేరము మానలేనివారున్నారు. ఆ దినము అమ్మనిచో ఆ దినము పొయ్యి వెలుగదు.

2024వ సంవత్సరమున ఆగమన కాలపు మొదటి ఆదివారము డిసెంబరు 1వ తేదీన వచ్చెను. ఆ దినమున అనేక సంఘములలో ఎదురుచూపును గూర్చిన ప్రసంగములు వినిరి. మరునాడు సోమవారము, డిసెంబరు 2న, ఆలూరు గేటు వద్ద రోడ్డు ప్రక్కన కూరగాయలు అమ్ముకొనుచున్న వారి మీదికి అదుపు తప్పిన లారీ దూసికొని వచ్చెను. ఉదయమున ఇంటి నుండి బయలుదేరినవారు కొందరు మరల ఇంటికి రాలేదు. ఏడాది తిరుగక మునుపే, 2025 నవంబరు 3న, అదే రహదారిపై మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొనెను. ఆ బస్సులోని అనేకులు మరణించిరి. వారు ఏ మతస్థులు, ఏ కులస్థులు అని అడుగుట మన పని కాదు. వారు మన దారిలో నడచినవారు. మనము ఎక్కు బస్సునే వారును ఎక్కిరి.

రెండవది: ఏడ్పు క్రిస్మసు కథకు వెలుపల లేదు.

మన పల్లెలలో ఒక వాడుక కలదు. ఇంట చావు సంభవించినయెడల ఆ యేడాది ఆ యింటివారు పండుగ చేయరు. క్రొత్తబట్టలు కట్టరు, పిండివంటలు వండరు. క్రైస్తవ కుటుంబములు కూడ అనేకులు దీనిని పాటించుచున్నారు. ఈ వాడుకలో కనికరము లేకపోలేదు. దుఃఖములో నున్నవారిని బలవంతముగా నవ్వించుట క్రూరమని మన పెద్దలు ఎరిగియుండిరి.

కాని దానివలన జరుగుచున్నదేమి? పాటల బృందము ఆ వీధికి వచ్చినప్పుడు, “వారికి ఈ యేడు పండుగ లేదుగదా” అని ఆ గడప దాటి ప్రక్క యింటికి పోవును. ప్రేమవిందుకు పిలుచునప్పుడు, “వారు రారులే” అని పిలుపు మానుదురు. ఇల్లు చీకటిగా నుండును. వీధి చివర పాట వినబడుచుండును. లోపల నున్న తల్లి ఆ పాట తన యింటిని దాటి పోవుట వినును. మనము ఆమె దుఃఖమును గౌరవించితిమని తలంచుదుము. ఆమె, “సంఘము కూడ నన్ను మరచెను” అని తలంచును.

మత్తయి సువార్తికుడు ఏమి చేసెనో చూడుడి. అతడు నక్షత్రమును గూర్చి, జ్ఞానులను గూర్చి, బంగారమును గూర్చి వ్రాసి అక్కడ ఆపియుండవచ్చును. కాని వెంటనే హేరోదు చేసిన శిశువుల వధను వ్రాసెను. ఓదార్పు పొందనొల్లక పిల్లలకొరకు ఏడ్చు రాహేలును గూర్చి యిర్మీయా పలికిన మాటను ఎత్తి వ్రాసెను. ఆ ఏడ్పును అతడు దాచలేదు. తొందరపడి దానికి సమాధానము చెప్పను కూడ లేదు. పూర్వపు సంఘము కూడ తన పంచాంగములో ఆ శిశువుల జ్ఞాపక దినమును డిసెంబరు 28గా నిర్ణయించెను. పండుగ అయిన మూడు దినములకే! ప్రియులారా, బేత్లెహేములో పాటయు ఉన్నది, ఏడ్పును ఉన్నది. ఏడ్చు ఇంటిని విడిచిపెట్టి మనము చేయు క్రిస్మసు, సువార్తలో ఒక పుట చించివేసిన క్రిస్మసు.

“దుఃఖమున్న యింట పాట పాడుట తగునా?” అని మీరడుగవచ్చును. పాడనక్కరలేదు. యోబు స్నేహితులు తరువాత పలికిన మాటలు గాయపరచినవేగాని, మొదట ఏడు దినములు వారు అతనితో నేలమీద మౌనముగా కూర్చుండుట మంచి పని (యోబు 2:13). డోలకును గేటు బయట దించి ఇద్దరు ముగ్గురు లోపలికి పోవుడి. కూర్చుండుడి. చనిపోయినవారి పేరు చెప్పి మాట్లాడుడి. ఆ పేరు విని చాల దినములైనదని ఆ తల్లి చెప్పును. ఇంటివారు సమ్మతించినయెడల చిన్న ప్రార్థన చేయుడి. మరునాడు ఆ యింటికి అన్నము పంపుడి. వారు పండుగ చేయకపోవచ్చును గాని పండుగ ప్రభువు వారి గడప త్రొక్కవలెను.

మూడవది: ఇది సంఘ పెద్దల పని.

ప్రెస్బిటేరియను అను పేరు గ్రీకు భాషలో “పెద్ద” అను అర్థమిచ్చు మాట నుండి వచ్చినది. పెద్దల సభ సంఘమును పాలించు ఈ పద్ధతి మన తెలుగు దేశమునకు క్రొత్తది కాదు. 1863లో మదనపల్లెకు వచ్చి అక్కడనే ఆయుష్షు గడిపి 1908లో నిద్రించిన డాక్టరు జేకబ్ ఛాంబర్లేన్ గారు ఈ పద్ధతిని పాటించు అమెరికా రిఫార్మ్‌డ్ సంఘమునకు చెందినవారు. దక్షిణదేశమందలి ప్రెస్బిటేరియను పరంపరలోని సంఘములును కాంగ్రిగేషనలు సంఘములును 1908లో దక్షిణ ఇండియా ఐక్య సంఘముగా కూడుకొనెను. అది 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘములో కలిసెను. పేరు మారినను పెద్దల బాధ్యత మారలేదు.

ఈ సందర్భమున ఒక సంగతి మనకు ఆశ్చర్యము కలిగించును. ప్రెస్బిటేరియనులకు పుట్టినిల్లువంటి స్కాట్లాండులో చాలకాలము క్రిస్మసు పండుగయే చేయలేదు. 1560 నాటి సంస్కరణ తరువాత దానిని త్రోసివేసిరి. 1640లో అక్కడి పార్లమెంటు ఆ సెలవులను రద్దు చేసెను. 1958లో గాని డిసెంబరు 25 అక్కడ సర్వజన సెలవు దినము కాలేదు. వాక్యములో ఆజ్ఞ లేని పండుగ అనియు, అది త్రాగుటకు, అల్లరికి త్రోవయగుననియు వారు భయపడిరి. మనము వారివలె పండుగ మాననక్కరలేదు. ప్రభువు జన్మమును బట్టి సంతోషించుట మనకు మేలే. కాని వారి భయమును మాత్రము కొంత మన యొద్ద నుంచుకొనుట మంచిది.

వారు మరియొక పని చేసిరి. ప్రభురాత్రి భోజనమునకు ముందు పెద్దలు ఇంటింటిని దర్శించి, కుటుంబముల క్షేమమును, విశ్వాసమును, ఇరుగుపొరుగుతో సమాధానమును విచారించి, సంస్కారమునకు రాదగినవారికి చిన్న సీసపు బిళ్లలు ఇచ్చెడివారు. ఆ బిళ్లతో వచ్చినవారే బల్లయొద్ద కూర్చుండిరి. ఆ బిళ్లలు మనకు వద్దు. అవి కొందరిని అవమానపరచియుండవచ్చును. గాని ఆ నడక మనకు కావలెను. పెద్ద అనగా క్రిస్మసు దినమున ముందు కుర్చీలో కూర్చుండువాడు కాడు. డిసెంబరు మాసమంతయు గడపలు త్రొక్కువాడు.

ఆ నడకలో మూడు విధములైన ఇండ్లను మరువవద్దు.

చావు వచ్చిన ఇండ్లు మొదటివి. వాటిని గూర్చి చెప్పితిని.

అప్పు వచ్చిన ఇండ్లు రెండవవి. పిల్లలకు క్రొత్తబట్టలు కొనుటకు వడ్డీకి తెచ్చి, జూను వరకు తీర్చు తండ్రులు మనలో నున్నారు. పాత చీరతో గుడికి రాలేక జ్వరమని చెప్పి ఇంట నుండు తల్లులున్నారు. మరియ యోసేపులు శిశువును దేవాలయమునకు తెచ్చినప్పుడు అర్పించినది గొఱ్ఱెపిల్ల కాదు, పక్షుల జత. అది గొఱ్ఱెపిల్లను తేలేని బీదలకు ధర్మశాస్త్రమిచ్చిన సెలవు (లేవీయకాండము 12:8, లూకా 2:24). మన ప్రభువు కుటుంబమే బీదల వరుసలో నిలిచినది. కాబట్టి కలిగినవారు క్రిస్మసు దినమున ఉతికిన పాత బట్టలతో ఆరాధనకు వచ్చిన నేమి? అది ప్రసంగముకంటె ఎక్కువ పని చేయును.

తగవు వచ్చిన ఇండ్లు మూడవవి. పొలము గట్టు కొరకు, పెండ్లి మాట కొరకు, సంఘ ఎన్నికల కొరకు మాటలు మానిన అన్నదమ్ములు ఒకే పాటల పుస్తకము చూచి పాడుచుందురు. బల్లయొద్దకు రాకముందే వారిని కూర్చుండబెట్టి మాట్లాడించుట పెద్దల పని. కానుక బలిపీఠమునొద్ద విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువే సెలవిచ్చెను గదా (మత్తయి 5:23–24).

మన పొరుగుననే ఒక మాదిరి యున్నది. మెదకు మహాదేవాలయము 1924 డిసెంబరు 25న, క్రిస్మసు దినముననే ప్రతిష్ఠింపబడెను. ఛార్లెస్ వాకర్ పోస్నెట్ గారు దానిని కట్టించుచున్న కాలమున కరువు వచ్చెను. ఆకలిగొన్నవారికి ఆ కట్టడము పని యిచ్చి కూడు పెట్టెను. ఆరాధన వినబడక మునుపే ఆ స్థలమున అన్నము దొరికెను. నూరేండ్లు దాటినను జనులు ఆ గుడిని గూర్చి చెప్పునప్పుడు దాని గోపురముతోపాటు ఆ అన్నమును కూడ చెప్పుకొందురు. మన చిన్న గుడి విషయమై మన గ్రామస్థులు ఏమి చెప్పుకొందురు?

కడవరి మాట. లూకా 2:20 చదువుడి. కాపరులు శిశువును చూచిన పిమ్మట తిరిగి వెళ్లిరి. ఎక్కడికి? అదే మందయొద్దకు, అదే చలిలోనికి. వారి కూలి పెరుగలేదు. వారి కష్టము తగ్గలేదు. అయినను వారు దేవుని స్తుతించుచు వెళ్లిరి, ఏలయనగా దేవుడు తమ దారి ఎరుగునని వారికి తెలిసెను. జనవరి మాసమున నక్షత్రము దించిన పిమ్మట మనమును తెల్లవారక మునుపే అదే రోడ్డెక్కవలెను. అప్పుడు దుఃఖపడు యింటివారు, “సంఘము మా యొద్దకు వచ్చెను” అని చెప్పుకొనగలిగినయెడల, మన క్రిస్మసు దేవుని యెదుట నిజమైన క్రిస్మసు.

ప్రార్థన: మా తండ్రీ, రాత్రివేళ పనిచేయువారిని జ్ఞాపకము చేసికొని వారి యొద్దకు నీ వార్త పంపితివి, నీకు స్తోత్రము. మా రోడ్డు మీద ప్రాణములు పోగొట్టుకొన్నవారి కుటుంబములను ఆదరించుము. బండ్లు నడుపువారికి మెలకువయు, అధికారులకు బాధ్యతయు దయచేయుము. మేము దాటిపోయిన గడపలను మాకు చూపించుము; అక్కడికి పోవుటకు మా కాళ్లకు బలమిమ్ము. పశువుల తొట్టిలో పరుండిన నీ కుమారుని నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.