కర్త ఒక్కడేనా? పల్లె దారి మరణాలపై ధర్మవిచారణ

పల్లె దారిలో ఒక ప్రాణం పోయినప్పుడు లోకం సాధారణంగా రెండు సమాధానాలలో ఏదో ఒకదానితో సరిపెట్టుకుంటుంది. ఆయువు తీరిందన్నది మొదటిది, నడిపినవాడి నిర్లక్ష్యమన్నది రెండవది. మొదటి మాట కారణాన్ని మనిషికి అందని చోట పెడుతుంది, రెండవది దాన్ని ఒక్క మనిషిలోనే బంధిస్తుంది, ఆ రెంటి మధ్యా దారి మాత్రం విచారణకు చిక్కకుండా తప్పించుకుంటుంది. కేంద్ర రవాణా, రహదారుల మంత్రిత్వశాఖ లెక్కల ప్రకారం 2022లో భారతదేశపు రోడ్లపై 1,68,491 మంది మరణించారు. వారిలో దాదాపు మూడింట రెండు వంతుల మంది గ్రామీణ ప్రాంతాలలోనే ప్రాణాలు విడిచారు. అవే మలుపులు, అవే కూడళ్లు ఏటేటా ప్రాణాలు తీస్తున్నప్పుడు ఆ పాపంలో ఎవరి వాటా ఎంత అన్న ప్రశ్న ధర్మవిచారణకు వస్తుంది.

ఈ ప్రశ్నకు భగవద్గీత పద్దెనిమిదవ అధ్యాయం ఒక పనిముట్టును అందిస్తుంది. ఏ కర్మ జరగడానికైనా అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం అనే అయిదు కారణాలు కావాలని ఆ అధ్యాయం చెబుతుంది. అధిష్ఠానమంటే కర్మకు ఆధారమైన చోటు, కరణాలంటే సాధనాలు, చేష్టలంటే వేర్వేరు వ్యాపారాలు. అయిదు కారణాలుండగా ఆత్మనొక్కదానినే కర్తగా చూసేవాడు సరిగా చూడనట్టేనని కూడా అక్కడే ఉంది. శంకరాచార్యులు అధిష్ఠానానికి శరీరమని అర్థం చెప్పారు, ఆ ప్రకరణపు అసలు ఉద్దేశం కర్తృత్వాహంకారాన్ని తొలగించడమే. అయినా కారణాలను విడదీసి చూసే ఆ పద్ధతి లోకవ్యవహారానికీ పనికివస్తుంది. ప్రమాదంలో నడిపేవాడు కర్త, బండి కరణం, నడక చేష్ట అనుకుంటే ఇవన్నీ ఆనుకుని ఉన్న అధిష్ఠానం దారే అవుతుంది. పోలీసు కాగితాలలో కర్త పేరు తప్పక ఉంటుంది, అధిష్ఠానపు ఊసు చాలా అరుదుగా కనిపిస్తుంది.

ఆ అధిష్ఠానాన్ని పరిశీలిస్తే దోషాలు కంటికి కనిపించేవే. మలుపులో బయటి అంచును లోపలి అంచుకంటే ఎత్తుగా కట్టడాన్ని ఇంజనీర్లు సూపర్ ఎలివేషన్ అంటారు. అది చాలకపోతే వేగంగా వచ్చిన బండి బయటికి జారుతుంది. తారు పొరమీద పొర వేస్తూ పక్కనున్న మట్టి అంచును నింపకుండా వదిలేస్తే ఎదురు బండికి దారి ఇవ్వడానికి దిగిన ద్విచక్ర వాహనం తిరిగి పైకెక్కబోయి బోల్తాపడుతుంది. పిట్టగోడ లేని కల్వర్టు, రక్షణ కంచె లేని చెరువుకట్ట దారి, రోడ్డు పక్కనే నోరు తెరిచి ఉన్న వ్యవసాయ బావి, కూడలిలో చూపును మూసేసే తుమ్మపొదలు చీకటి పడితే ప్రాణాంతకాలవుతాయి. మట్టి అంచు నింపడం, పొదలు కొట్టించడం, మలుపులో బాణపు గుర్తుల పలకలు నాటడం, పల్లె దారి పెద్దరోడ్డును కలిసేచోట పల్లె వైపున వేగనిరోధకం కట్టడం వంటి పనులకు గొప్ప సాంకేతికత గానీ అపార ధనం గానీ అక్కరలేదు.

కారణాన్ని దారిలోనూ వెతికే ఈ దృష్టినే రాజ్యవిధానంగా స్వీకరించిన దేశం స్వీడన్. 1997లో ఆ దేశ పార్లమెంటు ఆమోదించిన ‘విజన్ జీరో’ అనే విధానం రోడ్డుమీద ఒక్క మరణమూ, ఒక్క తీవ్రగాయమూ నైతికంగా అంగీకారయోగ్యం కాదని ప్రకటించింది. మనిషి పొరపాటు పడతాడన్నది, మనిషి శరీరం కొంత దెబ్బకు మించి తట్టుకోలేదన్నది దాని మూలసూత్రాలు. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వచ్చిన బండి తగిలితే పాదచారి బతికే అవకాశమే ఎక్కువ, వేగం 50 దాటే కొద్దీ ఆ అవకాశం వేగంగా క్షీణిస్తుంది. ఇక్కడే న్యాయప్రశ్న పుడుతుంది. దేశకాలాలనూ అపరాధ స్వభావాన్నీ చూసి దండన విధించాలని ధర్మశాస్త్రాలు రాజును శాసించాయి. రెప్పపాటు కునుకుకు మరణదండన విధించే దారి, ఏ అపరాధమూ లేని బడిపిల్లకు సైతం అదే శిక్ష వేసే దారి, ఆ కొలతతో చూస్తే అధర్మపాలకుడే.

ఇదంతా ప్రారబ్ధమేననే వాదానికి యోగవాసిష్ఠం ఎప్పుడో బదులిచ్చింది. దైవమని లోకం అనుకునేది పూర్వపు పురుషప్రయత్నపు ఫలమేననీ, నేటి ప్రయత్నం బలమైనదైతే నిన్నటిదాన్ని జయించగలదనీ వసిష్ఠుడు అందులో రాముడికి బోధిస్తాడు. హైదరాబాద్‌కు దక్షిణాన జాతీయ రహదారి పక్కనున్న పెద్దకుంట తండాలో రోడ్డు దాటుతూ పలువురు పురుషులు మరణించగా దాన్ని వితంతువుల ఊరని పత్రికలు రాశాయి. ఇళ్లు ఒక పక్క, అవసరాలు అవతలి పక్క ఉన్న మనుషులకు సురక్షితంగా దాటే మార్గం లేకపోవడాన్ని ప్రారబ్ధం అనదలిస్తే, ఆ ప్రారబ్ధం నక్షాలపై గీసినదని కూడా ఒప్పుకోవాలి. మనుషులు గీసినదాన్ని మనుషులే తిరిగి గీయగలరు.

దారిని నిందిస్తే నడిపేవాడికి నిర్దోషిత్వం దక్కుతుందన్న ఆక్షేపణ సహేతుకమైనదే. అయితే అయిదు కారణాలను గుర్తించడమంటే కర్తను తొలగించడం కాదు, తాగి నడిపినవాడి దోషం దారి బాగున్నా బాగులేకున్నా వాడిదే. ఊరివారూ ఈ విచారణకు అతీతులు కారు. పంటకాలంలో తారురోడ్డుమీద వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, రాత్రికి అలాగే వదిలేయడం తెలుగు పల్లెలలో పరిపాటి. దాన్ని మందలింపుతో మాన్పడంకంటే ఊరూరా చాలినన్ని కల్లాలు కట్టించడమే నిలిచే పరిష్కారం. ఒక చావు జరగగానే ఊరివారు రాత్రికి రాత్రి రోడ్డుకు అడ్డంగా దిమ్మె కట్టడమూ ఇటువంటిదే. కొలతా, సున్నపు గీతలూ, ముందస్తు పలకా లేని ఆ దిమ్మె మరో ప్రాణాన్ని బలిగొనగలదు. పురుషప్రయత్నానికి శాస్త్రం తోడు కావాలనడానికి ఇంతకంటే స్పష్టమైన నిదర్శనం అవసరం లేదు.

బావులు తవ్వించడం, చెరువులు కట్టించడం, తోటలు పెంచడం వంటి లోకోపకార కార్యాలను ప్రాచీనులు పూర్తమన్నారు. తెలుగువారి సప్తసంతానాలలో తటాకమూ వనమూ సుతుడితో సమానంగా నిలిచాయి. బాటల పక్కన మర్రిచెట్లు నాటించినట్టు అశోకుడు తన శాసనంలోనే చెప్పుకున్నాడు. కాలినడకకూ ఎడ్లబండికీ నీడనిచ్చిన చెట్టు నేటి వేగానికి తారు అంచునే ఉంటే మృత్యుస్తంభమవుతుంది గనుక, పూర్తధర్మం మారకపోయినా దాని కొలతలు మారాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 198ఎ సెక్షన్ ద్వారా ఈ బాధ్యతను కొంతమేరకు గుర్తించింది. నిర్దేశిత ప్రమాణాలను పాటించకపోవడం వల్ల మరణం గానీ అంగవైకల్యం గానీ కలిగితే రోడ్డును రూపొందించిన, కట్టిన, నిర్వహించే సంస్థలకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చునంది. చట్టం చేయగలిగింది అంతవరకే. దారి వేసిన వాడు బిల్లు తీసుకున్నంత మాత్రాన ఆ దారిపై జరిగే కర్మల నుంచి విముక్తుడు కాడనీ, దోషం తెలిసి దిద్దని అధికారి, తెలిసి అడగని ఊరు ఆ కర్మలో భాగస్వాములేననీ ఒప్పుకున్ననాడే పల్లె దారి మరణాలను విధికి అప్పగించే అలవాటు తొలగుతుంది.