పోపుల డబ్బా సొమ్ము: గృహవ్యయంలో గోప్యత

భర్తకు తెలియకుండా ఇల్లాలు ఇంటిఖర్చులో మిగిల్చి దాచిన సొమ్ము ధర్మబద్ధమా? ఈ ప్రశ్నను లోకం నవ్వులాటగానే తీసుకుంటుంది. ధర్మశాస్త్రం మాత్రం అలా తీసుకోలేదు.

మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయం ధనాన్ని కూర్చడంలోను, వ్యయం చేయడంలోను భార్యను నియోగించమంటుంది. అదే అధ్యాయం దాయవిభాగం దగ్గరికి వచ్చేసరికి, ఉమ్మడి కుటుంబధనం నుంచి స్త్రీలు విడిగా కూడబెట్టరాదనీ, భర్త అనుమతి లేనిదే సొంత ధనం నుంచైనా అలా చేయరాదనీ శాసిస్తుంది. నిషేధించవలసి వచ్చిందంటే ఆ ఆచారం అప్పటికే ఉన్నదని ఊహించవచ్చు. కాత్యాయనుడు స్త్రీ శిల్పంతో ఆర్జించిన దానిపైన కూడా భర్తకే స్వామ్యం కల్పించాడు. ఆర్జించినదే ఆమెది కానప్పుడు మిగిల్చినది ఆమెదెలా అవుతుంది? స్త్రీధనం పరిధిని మితాక్షర విస్తరించింది. ఆ వ్యాఖ్యానాన్ని 13వ శతాబ్దిలో కేతన తెలుగు చేశాడు. అయితే యాజ్ఞవల్క్యుని ప్రకారం కరవు, రోగం, ధర్మకార్యం, నిర్బంధం వంటి సందర్భాలలో భర్త తీసుకున్న స్త్రీధనాన్ని తిరిగి ఇవ్వనక్కరలేదు. అంటే ఆపదలో ఆమె సొమ్ము ఇంటిదే. ఆపదకు ముందు దానిని కాపాడే ఉపాయమేమిటన్నది నా సందేహం.

1902లో హిందూసుందరిలో వెలువడిన భండారు అచ్చమాంబ కథ ‘ధనత్రయోదశి’ ఈ చర్చకు మరొక కోణాన్ని చేర్చింది. పండుగ ముంగిట పేదరికానికి లొంగిన భర్త తనది కాని సొమ్ము తెస్తే, భార్య దానిని నిరాకరిస్తుంది. తెలుగులో తొలి కథ ఏదన్న వివాదంలో ఈ కథను ఎక్కువగా తేదీ కోసమే తడుముతాము. ఇంట్లోకి వచ్చే ధనం ధర్మాధర్మాలను నిర్ణయించే అధికారం ఇక్కడ ఇల్లాలిదని అంతగా గమనించము. వచ్చిన ధనాన్ని నిలిపి ఉంచే అధికారం ఆమెకు ఉందా? కథ అక్కడిదాకా పోదు.

ఆ ప్రశ్న నాకు గ్రంథాలలో ఎదురైనది కాదు. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్ల రద్దును ప్రకటించిన తరువాత, సికింద్రాబాదులోని మా ఇంట్లో అమ్మ ఆవాల డబ్బా వెనకనుంచి ఒక మూట తీసింది. లెక్కపెడితే ఇరవై మూడు వేలు. మోండా మార్కెట్‌లో కూరగాయల బేరంలో మిగిల్చిన పదులూ ఇరవైలూ నోట్లుగా మారినవే అవన్నీ. అప్పటికి నాన్న నలభై వేల అప్పుకు నూటికి రెండు రూపాయల చొప్పున నెలకు ఎనిమిది వందలు మిత్తి కడుతున్నారు. “ఇన్ని పైసలు పెట్టుకొని నాతోటి మిత్తి కట్టించినవా?” అన్నారు. “ఇది కడితే మీరు ఇంకొకటి తెస్తరు. పిల్ల ఫీజు ఎక్కడికెల్లి తెద్దు?” అంది అమ్మ.

నాన్నది లెక్క ప్రకారం సరైన ప్రశ్న. ఆ సొమ్ము అప్పులో జమ అయి ఉంటే నెలకు నాలుగు వందల అరవై మిగిలేది. అందుచేత అమ్మది పూర్తిగా ఒప్పని నేను అనలేను. అయితే చౌర్యానికి లక్షణం పరద్రవ్యాన్ని తనకోసం హరించడం. ఆ మూటలోనుంచి అమ్మ ఒక్క రూపాయి కూడా తనకై వాడుకోలేదు. అంతకుముందు ఏడాది నా డిగ్రీ ఫీజు కట్టింది అందులోనుంచేనని ఆ రాత్రే తెలిసింది. అసత్యదోషం మాత్రం మిగులుతుంది. అడిగితే ఇవ్వక తప్పని చోట చెప్పకపోవడాన్ని, అడిగితే వద్దనగలిగిన చోట చెప్పకపోవడాన్ని ఒకే దోషంగా తూచవచ్చునా? తూచరాదని నా అభిప్రాయం. వద్దనే హక్కు లేని చోట మౌనమొక్కటే ఆమెకు మిగిలిన నిరాకరణ. ఆ దోషంలో సింహభాగం ఆ హక్కు ఇవ్వని ఏర్పాటుదే.

ప్రభుత్వం గృహిణుల రెండున్నర లక్షల లోపు డిపాజిట్లను ప్రశ్నించబోమన్నది. 2021లో ఆదాయపు పన్ను అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆగ్రా బెంచి కూడా అటువంటి సొమ్మును ఆదాయంగా లెక్కించరాదని తీర్పు చెప్పింది. అయితే న్యాయస్థానం అడిగేది సొమ్ము ఎక్కడిదని. నాన్నను బాధించినది తనకెందుకు చెప్పలేదన్నది.

ఆ డిసెంబరులో అమ్మ పేరిట ఖాతా తెరిచాము. పాస్‌బుక్కు అందరికీ కనబడేటట్లు అలమారలో ఉంటుంది. నాన్నకు అవసరం వచ్చినప్పుడు అమ్మను అడుగుతారు. ఆమె రెండుసార్లు ఇచ్చింది, ఒకసారి ఇవ్వనన్నది.