పడ్డ చెట్టు ముందు ధైర్యం అంటే ఏమిటి?

వానకాలంలో మా అడవి పల్లెల్లో ఒక చప్పుడు అందరికీ తెలుసు. రాత్రిపూట గాలి లేస్తుంది. ఎక్కడో ఏదో చీలినట్టు వినిపిస్తుంది. తర్వాత నేల ఒక్కసారి అదురుతుంది. కుక్కలు మొరుగుతాయి. తెల్లారి వెళ్ళి చూస్తే దారికి అడ్డంగా పెద్ద మాను పడి ఉంటుంది.

నా చిన్నతనంలో అలా ఒక నల్లమద్ది పడింది. ఇద్దరు చేతులు చాపి పట్టుకున్నా అందనంత లావు. ఊరంతా వచ్చి నిలబడింది. ముసలివాళ్ళు దాని చుట్టూ తిరిగి చూస్తున్నారు, వంగి కిందికి చూస్తున్నారు, ఎవరూ గొడ్డలి ఎత్తడం లేదు. అంతలో ఎవరో ఒక కుర్రాణ్ణి చూసి "ఏం బావా, భయమా?" అన్నారు. బావల వరసలో ఎగతాళి మామూలే కదా, అందరూ నవ్వారు. ఆ కుర్రాడు గొడ్డలి అందుకొని మాను మీదికెక్కాడు. అడ్డంగా ఉన్న ఒక కొమ్మను నరికాడు. ఆ కొమ్మే మానును దొర్లకుండా ఆపి ఉంచింది. మాను దొర్లింది, వాడి కాలు దాని కింద పడింది. ప్రాణం దక్కింది గాని ఈనాటికీ కుంటుతూనే నడుస్తాడు. "భయమా?" అని అడిగింది ఎవరో మాత్రం ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు.

నేను రాయాలనుకున్నది ఆ ఒక్క మాట గురించే. పడ్డ చెట్టు ముందు ఏది ధైర్యం? ఆ ధైర్యం చూపమని ఇంకొకరిని అడిగే హక్కు ఎవరికుంది?

ముందు చెట్టు సంగతి చూద్దాం. పడ్డ చెట్టు చచ్చిపోయిందని, ఇక కదలదని మనం అనుకుంటాం. కాని నిలబడ్డ చెట్టు బరువు నేరుగా వేళ్ళ మీదికి దిగుతుంది. పడ్డ చెట్టు బరువు ఎక్కడెక్కడ ఆగి ఉందో పైకి కనిపించదు. రెండు చివరలూ గట్ల మీద ఆని, నడుమ కింద ఖాళీ ఉన్న మాను పైభాగం నొక్కుకొని ఉంటుంది, అడుగుభాగం సాగి ఉంటుంది. దాన్ని పైనుంచే కోసుకుంటూ పోతే కోసిన సందు మూసుకుపోయి రంపాన్ని పట్టేస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు పైనుంచి మూడో వంతు దాకా కోసి, సందులో చెక్క మేకు దిగ్గొట్టి, మిగతాది కిందినుంచి కోస్తారు. ఒక చివర గాలిలో ఉన్న మాను దీనికి తలకిందులు. దాని పైభాగం సాగి ఉంటుంది. ముందు అడుగున కొద్దిగా కోసి, తర్వాత పైనుంచి కోయాలి. అలా చేయకపోతే మాను నిలువునా చీలి, ఆ చీలిక మనిషి మీదికి లేస్తుంది.

మాను కింద వంగి చిక్కుకున్న లేత చెట్టు ఎక్కుపెట్టిన విల్లు లాంటిది. ఒక్క దెబ్బకు నరికితే అది ముఖం మీదికి వస్తుంది. వాలు నేల మీద ఎగువవైపే నిలబడాలి, దిగువవైపు ఎవరూ ఉండకూడదు. మానును మోస్తున్న కొమ్మలను చివరిదాకా ముట్టుకోకూడదు. వేళ్ళతో సహా పెకలిన చెట్టయితే ఇంకో గండం ఉంది. మానును కోసి వేరు చేయగానే, పైకి లేచిన వేళ్ళ మొదలు మళ్ళీ గుంటలోకి కూలవచ్చు. మన పిల్లలు దాక్కొని ఆడుకునేది సరిగ్గా ఆ గుంటలోనే.

ఇప్పుడు కోత మిషను వచ్చింది. రోజంతా పట్టే పని గంటలో అయిపోతుంది. కాని బ్లేడు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే మిషను ఒక్కసారిగా వెనక్కి, మనిషి ముఖం వైపు ఎగురుతుంది. గొడ్డలి తప్పు చేస్తే దిద్దుకోవడానికి కొంతైనా వ్యవధి ఇచ్చేది. మిషను అదీ ఇవ్వదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆనాడు చుట్టూ తిరిగి చూసిన ముసలివాళ్ళు భయపడలేదు. బరువు ఎక్కడుందో వెతుకుతున్నారు. మేం దాన్ని పిరికితనం అనుకున్నాం. తెలియకుండా మాను ఎక్కినవాణ్ణి ధైర్యవంతుడన్నాం. ప్రమాదం ఎంతో తెలిసి, దానికి తగినట్టు అడుగు వేయడం ధైర్యం. ప్రమాదం ఉందనే తెలియకపోవడం ధైర్యం కాదు. ఎగతాళికి భయపడి మాను ఎక్కడం మరీ కాదు, అది కూడా భయమే. చెట్టుకు బదులు మనుషుల నవ్వుకు భయపడటం.

2024 ఆగస్టు 31న మనకు పొరుగునే, ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో పెనుగాలి వీచింది. మేడారం వైపు, ఏటూరునాగారం అభయారణ్యంలో, 50 వేలకు పైగా చెట్లు నేలకొరిగాయి. చాలావరకు వేళ్ళతో సహా లేచిపోయాయి. ఒకదాని మీద ఒకటి పడిన అలాంటి అడవిలో ఒక్క మానును కదిలిస్తే ఇంకో పది మాన్ల బరువు మారుతుంది. మనుషులు తిరగని చోట గాలి వచ్చింది కాబట్టి సరిపోయింది, సమ్మక్క తల్లే కాపాడిందని చాలామంది అనుకున్నారు. కాని గాలి ఆగిపోవడంతో ప్రమాదం ఆగదు. 2005 జనవరిలో స్వీడన్ దేశంలో గుడ్రున్ అనే తుఫాను ఏడున్నర కోట్ల ఘనపు మీటర్ల కలపను నేలకూల్చింది. అక్కడ యంత్రాలున్నాయి, తలకు టోపీలున్నాయి, శిక్షణ ఉంది. అయినా తర్వాతి నెలల్లో పడ్డ చెట్లను కోస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. ఏమీ లేకుండా చెప్పుల కాళ్ళతో వెళ్ళే మనవాళ్ళ మాట వేరే చెప్పాలా?

ఇక రెండో ప్రశ్న. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు, పుల్లలు, మొద్దులు, తేనె, తునికాకు వంటివాటిని చిన్నతరహా అటవీ ఉత్పత్తులుగా గుర్తించి వాటి మీద మనకు హక్కు ఇచ్చింది. కలప అందులో లేదు. కాబట్టి రిజర్వు అడవిలో పడ్డ పెద్ద మాను మనది కాదు. కాని దాన్ని తొలగించాల్సి వస్తే చాలాసార్లు పిలుపు వచ్చేది మనకే. "మీరు అడవివాళ్ళు, మీకు అలవాటే" అంటారు. మాను మనది కాదు, మాను కింద పడే కాలు మాత్రం మనది. పనిలో దెబ్బ తగిలితే పని చేయించినవాడే పరిహారం ఇవ్వాలని 1923లోనే చట్టం వచ్చింది, చెట్ల నరికివేతను కూడా ఆ జాబితాలో చేర్చారు. అది తెలుసుకొని అడగాలి. కాని పరిహారం దెబ్బ తర్వాతి మాట. దెబ్బకు ముందు మాట ఒకటుంది. పని చెప్పేవాడు మాను దగ్గరికి వచ్చి, బరువు ఎక్కడుందో చూసి, తాను అక్కడ నిలబడగలడా అని తనను తాను అడుగుకోవాలి. తాను నిలబడని చోట కూలి డబ్బులిచ్చి ఇంకొకరిని నిలబెట్టడం న్యాయం కాదు. ఆ పని చెప్పేది ఆఫీసరైనా, కాంట్రాక్టరైనా, మన ఊరి పెద్దే అయినా అంతే.

ఒకరు నన్ను ఇలా అడిగారు: "అవతల నొప్పులు పడుతున్న ఆడమనిషి ఉంది, 108 బండి రాలేకుండా మాను అడ్డం ఉంది. అప్పుడు కూడా చుట్టూ తిరిగి చూస్తూ కూర్చుంటామా?" ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. మా వైపు పల్లెలకు ఇది నిజమైన కష్టం. నా జవాబు ఇది. ఆ వేళ మనం కాపాడాల్సింది తల్లీబిడ్డలను. మానును ముక్కలు చేయడం ఆ పని కాదు. చిన్న కొమ్మలు తొలగించి నడిచే దారి చేసుకోవచ్చు, మంచం మీద మోసుకుపోయి అవతల బండి ఎక్కించవచ్చు. మాను కోతకు తెల్లారి వెలుగు కావాలి, ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళు కావాలి. తప్పనిసరైతే ఒక మనిషి తెలిసి, ఒప్పుకొని ప్రమాదంలోకి వెళ్ళవచ్చు, అది గొప్ప పని. కాని అతణ్ణి నవ్వి, ఎగదోసి పంపిన పని గొప్పది కాదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. బడి దారిలో చెట్టు పడినప్పుడు పిల్లలను దూరంగా నిలబెట్టి అడగండి: దీని బరువు ఎక్కడ ఆగి ఉంది? ఏ కొమ్మ దీన్ని మోస్తోంది? ఇది కోస్తే ఎటు దొర్లుతుంది? తూనిక, వాలు, బలం అన్నీ అక్కడే ఉన్నాయి. ఇంటి దగ్గర తాతను కూడా అడగమనండి. పుస్తకంలో లేనిది ఆయన చెబుతాడు.

యువకులకు ఒక మాట. మాను దగ్గరికి ఒంటరిగా వెళ్ళకండి. కోత మొదలుపెట్టే ముందు ఒక కట్టుబాటు పెట్టుకోండి: చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరు "ఆగు" అన్నా, ఆ అన్నది అందరికంటే చిన్నపిల్ల అయినా, రంపం ఆగాలి. ఎందుకన్నావని తర్వాత అడగవచ్చు. ఆనాడు ఆ నల్లమద్ది దగ్గర అంతమందిమి ఉన్నాం. కొమ్మ కదలడం చూసినవాళ్ళూ ఉన్నారు. "భయమా?" అనడానికి ఒక నోరు లేచింది గాని "ఆగు" అనడానికి ఒక్క నోరూ లేవలేదు. వాళ్ళలో నేనూ ఉన్నాను.