వేకువ ఎవరిది?

పెందలకడ లేచినవాడు ఆనాటి పనికి ముందు నడచుననియు, ప్రొద్దెక్కి లేచినవాడు దినమంతయు పనివెంట పరుగెత్తుననియు మన ఇండ్లలో పెద్దలు చెప్పుచు వచ్చిరి. మాట నిజమే. అయితే అది పనికి సంబంధించిన నిజమా, ధర్మమునకు సంబంధించిన నిజమా అని విచారించువారు తక్కువ. వేకువనే లేచుట కేవలము సౌకర్యమైనచో లేవనివానిని నిందింప బనిలేదు. అది సద్గుణమే యైనచో, ఆ గుణమును ఎవరి ఖర్చుతో సంపాదించుకొనుచున్నామో అడుగక తప్పదు.

వాగ్భటుడు అష్టాంగహృదయమున దినచర్యను చెప్పుచు, ఆరోగ్యవంతుడు తన ఆయుస్సును కాపాడుకొనుటకై బ్రాహ్మీ ముహూర్తమున లేవవలెనని విధించెను. ముహూర్తమనగా 48 నిమిషములు. సూర్యోదయమునకు 96 నిమిషములు ముందు మొదలై 48 నిమిషములు ముందు ముగియు కాలము బ్రాహ్మీ ముహూర్తము. ఈ విధి ఆరోగ్యవంతునికే గాని అందరికిని కాదు. దానికి చెప్పిన ఫలము ఆయుస్సే గాని అధికమైన పని కాదు. ‘ఉత్పాదకత’ యను మాట మనకు పొలమునుండియు కర్మాగారమునుండియు వచ్చినది. ఎకరమునకెన్ని బస్తాలు, మగ్గమునకెన్ని గజములు అని కొలుచు మాటను మనుష్యునకు తగిలించి, వాని ఉదయమును సయితము పెట్టుబడిగా లెక్కించుట ఇటీవలి అలవాటు. నాకది రుచింపదు. కాలమే ధనమను మాటకు పేరుపడిన అమెరికా దేశపు బెంజమిన్ ఫ్రాంక్లిన్ సయితము తన దినచర్యలో ఐదు గంటలకు లేచి వేసికొనుటకు పెట్టుకొన్న ప్రశ్న, ఈ దినమున ఎంత పని చేయుదునని కాదు, ఏ మంచి చేయుదునని.

ఐదు గంటలన్న మాట వచ్చినది గనుక గడియారమును గూర్చి ఒక్క మాట. 1906 జనవరి 1 నుండి మన దేశమునకు ప్రామాణిక కాలము ఏర్పడినది. దానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడ సమీపమునుండి పోవుచున్నది. కావున యానాములో గడియారమును సూర్యుడును దాదాపు ఏకీభవింతురు. బరంపురములో సూర్యుడు గడియారముకంటె సుమారు 9 నిమిషములు ముందు. బెంగుళూరులో 20 నిమిషములు వెనుక. ముంబయిలో 39 నిమిషములు వెనుక. బొంబాయి నగరములో 1955 దాకా స్థానిక కాలము కూడ వాడుకలో నుండెను. ముంబయిలో ఐదింటికి లేచు తెలుగువాడు, యానాములో ఐదింటికి లేచు తన బంధువుకంటె సూర్యుని లెక్కన అరగంటకు పైగా ముందు లేచినట్లే. ఇద్దరిలో ఎవరు ఎక్కువ నియమపరులు? అంకెలో ధర్మము లేదని చూపుటకే ఇంత చెప్పితిని.

మన పూర్వులకు వేకువను నేర్పినది గడియారము కాదు, పని. తెలంగాణమునుండి తరలివచ్చి షోలాపూరున స్థిరపడిన పద్మశాలీల చేమగ్గపు దినములను తలచుకొనుడు. నేతకు ముందు పడుగును వీధి పొడవునా సాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వవలెను. ఎండ ముదిరినచో గంజి తొందరగా ఆరి పోగు పెళుసెక్కును; గాలి లేచినచో పోగులు చిక్కువడును. కావున ఆ పని తెల్లవారుజాముననే జరుగవలెను. అది ఒక్కరివలన అగునది కాదు. తండ్రి ఒక కొసన, కొడుకు మరియొక కొసన, ఇల్లాలు గంజితో, పిల్లలు తెగిన పోగులు చూచుచు, ఒక్కొక్కసారి పొరుగువారు కూడ వచ్చి చేయి వేయవలెను. కోయంబత్తూరు, కోవిల్పట్టి ప్రాంతముల తెలుగు రైతులును అంతే. ఎడ్లు ఎండకు డస్సిపోకముందే బావివద్ద కపిల తోలవలెను. తోలువాడు ఒకడు, నీటిని మళ్ళకు తిప్పి మడవ కట్టువారు వేరొకరు. ఇంటిల్లిపాదియు ఒక్కమారే లేచినందున అక్కడ ఎవరి వేకువయు ఎవరికిని అప్పు పడలేదు. ఆ బ్రదుకు సుఖమైనదని నేననను. చాలీచాలని కూటికి నడుము విరుగు చాకిరి అది. అందు ఆడువారికి ఇంటిపని అదనము. అయినను పొద్దుటి శ్రమ అందరి కన్నుల ఎదుట జరిగెడిది.

మిల్లు వచ్చినతోడనే ఈ పొందిక చెడినది. సైరను ఒక్కనిని పిలుచును, ఇంటిని పిలువదు. ఏడింటి షిఫ్టుకు పోవువాడు ఐదున్నరకు లేచిన చాలును. వాని క్యారేజీ సిద్ధముగా నుండవలెనన్నచో ఇల్లాలు నాలుగున్నరకు పొయ్యి ముట్టింపవలెను. తరువాత ఆఫీసులు వచ్చినవి, ఇంగ్లీషు బడి బస్సులు వచ్చినవి, పొయ్యి పోయి గ్యాసు వచ్చినది. ఆ గంట తేడా మాత్రము పోలేదు. 2019 సంవత్సరపు జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారము, జీతము లేని ఇంటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నారు. పురుషులలో అసలు ఆ పనికి పూనుకొన్నవారే నూటికి ఇరువదియారుగురు.

జర్మను తత్త్వవేత్త కాంటు నియమపాలనకు లోకప్రసిద్ధుడు. ప్రతి దినమును ఐదింటికి లేచెడివాడు. అయితే ఆయన తనంతట తాను లేవలేదు. లాంపె యను సేవకుడు వచ్చి, వేళయైనదని చెప్పి లేపెడివాడు. ఎంత బ్రతిమాలినను మరల పడుకోనీయరాదని యజమాని ఆజ్ఞ. సుమారు నలువదియేండ్లు ఈ విధముగా జరిగినది. లాంపెను ఎవరు లేపిరో చరిత్రకారులు పట్టించుకొన్నట్లు లేదు. మనుష్యుని ఎన్నడును కేవలము సాధనముగా వాడరాదని బోధించిన మహనీయుని ఇంటిలోనే ఈ ప్రశ్న మిగిలిపోయినది. మన ఇండ్లలో మిగులుట వింత కాదు. వాకిట కల్లాపి చల్లి ముగ్గు పెట్టియున్నదని చూచి ముచ్చటపడుదుము. ఆరింటికి మన ఇంట పాచిపని ముగించు మనిషి తన పిల్లలకు ఏ వేళ లేచి వండిపెట్టి వచ్చినదో అడుగము. ఐదింటికి లేచి యోగాసనములు వేసి, ఆ పిమ్మట వార్తాపత్రిక విప్పి, వేడి కాఫీ చేతికి రాగానే, నేటి యువకులకు క్రమశిక్షణ లేదని వగచు పెద్దమనుష్యులను నేను చాలమందిని ఎరుగుదును. వారి నియమమును తప్పు పట్టను. ఆ కాఫీ దానంతటది కాగలేదని మాత్రము మనవి చేయుచున్నాను.

ఇక లేవలేనివారి సంగతి. మెలకువయు నిద్రయు దేహములోని ఒక కాలచక్రముచే నడచుచున్నవని, ఆ చక్రము కణములలోనే పనిచేయుచున్నదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఆ యంత్రాంగమును కనుగొన్న హాల్, రాస్‌బాష్, యంగ్ అను ముగ్గురికి 2017లో నోబెల్ బహుమానము వచ్చినది. ఈ చక్రము అందరికి ఒక్క తీరున తిరుగదు. పుట్టుకతోనే కొంత తేడా యుండును. యౌవనము వచ్చు వయస్సున అది సహజముగనే వెనుకకు జరుగును. కావున పదునైదేండ్ల పిల్లవానిని సోమరియని తిట్టుటకు ముందు కొంచెము ఆగవలెను. డెకార్టు ప్రొద్దెక్కువరకు పాన్పుపై నుండి ఆలోచించు అలవాటు గలవాడు. స్వీడను రాణి 1649లో ఆయనను రప్పించి, చలికాలమున ఉదయము ఐదింటికి పాఠములు చెప్పుమనినది. 1650 ఫిబ్రవరిలో ఆయన ఊపిరితిత్తుల జబ్బుతో మరణించెను. నిద్రను హరించి సంపాదించిన ఉదయము మధ్యాహ్నమునకే వడ్డీతో తీర్చుకొనును.

మనవంటి ప్రవాసాంధ్ర కుటుంబములకు ఈ విషయమున మరియొక నష్టము కలదు. ఎనిమిది దాటిన పిమ్మట మన దినము తమిళమునకో, కన్నడమునకో, మరాఠీకో, ఒడియాకో చెందును. అందులో తప్పేమియు లేదు. ఆ భాషలే మనకు అన్నము పెట్టినవి. రాత్రి టెలివిజనుదియు సెల్‌ఫోనుదియు. తెలుగునకు మిగిలినది తెల్లవారుజామొక్కటే. ఆ కొంచెము సేపును ఒకరు నడకకును, ఒకరు పూజకును, ఒకరు చదువునకును పంచుకొని, ఒక్కతెను వంటింటిలో విడిచినచో, ఆ ఇంట వినబడు తెలుగేమి? లే, త్రాగు, తిను, తొందరగా పద. నాలుగు ఆజ్ఞలతో ఏ పిల్లవానికిని భాష రాదు. వాడు నాయనమ్మ మాటకు తమిళమున బదులు చెప్పుచున్నాడని పిదప సంఘ సమావేశములలో విచారింతుము.

చిక్కుళ్ళు ఒలుచుచు, కొబ్బరి తురుముచు నలుగురు కూర్చున్నచోట మాట దానంతటదే పుట్టును. ఫలానా అత్తయ్య ఎవరికి ఏమగును, మన ఊరినుండి తాతల తాతలు ఏ కరవున కదలివచ్చిరి, ఈ కూరకు ఆ పేరేల వచ్చినది అను ప్రశ్నలు అప్పుడే వచ్చును. పడుగు చుట్టును జరిగినది అదియే. యజమాని కత్తిపీట ముందు కూర్చున్నచో పరువు పోవునను శంక కొందరికి కలదు. షోలాపూరు వీధిలో గంజి చేతులతో నిలిచిన వారి తాతకు అట్టి శంక యుండలేదు.

ఇది అన్ని ఇండ్లలో ఒకే రీతిగా కుదురదని ఎరుగుదును. బెంగుళూరులో రాత్రి షిఫ్టు ముగించి ఆరింటికి ఇల్లు చేరు కుమారుడో కోడలో ఉన్నచో వారికది రాత్రియే. వారికి ఇంత మజ్జిగ ఇచ్చి, పడుకోనిచ్చి, గది తలుపు దగ్గరగా వేసి, మిగిలినవారు వంటింటిలో మెల్లగా మాటాడుకొనవచ్చును.