నవ్వుకు హద్దు ఎవరు గీయాలి?

మోటు శృంగారం నిండిన పాత కథను తెరకెక్కించినప్పుడు ఏది కళ, ఏది అశ్లీలం అన్న వివాదం ఏ దేశంలోనైనా తలెత్తుతుంది. కొరియాలోని బ్యొన్ గాంగ్‌సోయ్ కథ ఇందుకు నిదర్శనం. పాన్సోరి అనే కథాగాన సంప్రదాయానికి చెందిన ఈ కథను 19వ శతాబ్దంలో షిన్ జే-హ్యో గ్రంథస్థం చేశాడు. వరుసగా భర్తలను పోగొట్టుకొని వెలికి గురైన ఒక స్త్రీ, దేశదిమ్మరి అయిన ఒక పురుషుడు ఇందులో నాయికానాయకులు. వారి కలయికను వర్ణించడంలో కవికి మొహమాటం లేదు. అయితే కథ అక్కడితో ఆగదు. ఊరి కాపుదల కోసం నిలిపిన దేవతా స్తంభాలను వంటచెరకుగా తెచ్చుకున్న ఆ పురుషుడు శాపగ్రస్తుడై మరణిస్తాడు. నిలువ నీడ లేనివారి దైన్యం ఆ నవ్వు అడుగున ఉంది. 1986లో వచ్చిన చలనచిత్రాన్ని మాత్రం జనం ప్రధానంగా శృంగార హాస్యంగానే గుర్తుంచుకున్నారు.

తెలుగువారికి ఈ సమస్య ‘చింతామణి’ రూపంలో సుపరిచితం. వేశ్యాలోలుడైన బిల్వమంగళుడు విరక్తుడై లీలాశుకుడైన ఐతిహ్యాన్ని కాళ్లకూరి నారాయణరావు నాటకంగా మలిచారు. ‘వరవిక్రయము’లో కట్నాన్ని, ‘మధుసేవ’లో మద్యపానాన్ని ఖండించినట్లే ఇందులో వేశ్యావృత్తిని ఖండించడం ఆయన ఉద్దేశం. నేను నివసిస్తున్న పుదుచ్చేరి నటేశన్ నగర్ చుట్టూ ఉన్న తమిళ లోకానికీ ఈ ఐతిహ్యం కొత్త కాదు. తెలుగువాడైన వై.వి. రావు దర్శకత్వంలో త్యాగరాజ భాగవతార్ నటించిన తమిళ ‘చింతామణి’ 1937లో విశేష జనాదరణ పొందింది. 1956లో భానుమతి, ఎన్.టి. రామారావులతో తెలుగు చిత్రం వచ్చింది.

చిత్రం ఒకసారి ధ్రువీకరణ పొందితే మారదు. నాటకమో రాత్రికొక రూపు దాలుస్తుంది. పల్లె వేదికలపై చింతామణి పతనం, పశ్చాత్తాపం కుదించుకుపోయి, సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ ద్వంద్వార్థాలు పెరిగాయి. తమ కులాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు చేసిన ఫిర్యాదుపై 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ప్రదర్శనలను నిషేధించింది. నిషేధాన్ని హైకోర్టులో సవాలు చేశారు. వైశ్యుల ఆవేదన నిజమైనదే. ఆ వేషాలే జీవనాధారమైన కళాకారుల ఆకలి కూడా నిజమైనదే.

ఇటువంటి నిర్ణయాలలో కొలమానం ఏది? చరిత్ర ఒక హెచ్చరిక చేస్తున్నది. ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రచురించగా, అశ్లీలమన్న నెపంతో ప్రభుత్వం దానిని నిషేధించింది. 1947లో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. పురుష కవుల శృంగార ప్రబంధాలు సగౌరవంగా చెలామణి అవుతున్న కాలమది. అంటే నేరం శృంగారంలో లేదు. ఆ మాట ఒక స్త్రీ, అందునా కళావంతుల కులానికి చెందిన స్త్రీ పలకడంలో ఉంది. అశ్లీలమనే పేరుతో సమాజం తరచుగా మాటను కాక మాట్లాడేవారిని శిక్షించింది.

కాబట్టి విచారించవలసినది పదం ఎంత పచ్చిగా ఉన్నదని కాదు, నవ్వు ఎవరి మీద పడుతున్నదని. మోహంలో పడిన మనిషిని చూసి నవ్వినప్పుడు ప్రేక్షకుడు తనను తానే చూసుకొని నవ్వుతున్నాడు. ఒక కులాన్ని, ఒక వృత్తిలోని స్త్రీని ఆట వస్తువుగా నిలిపి నవ్వించినప్పుడు అది హాస్యం కాదు, హింస. ఈ భేదాన్ని ఉత్తర్వు గుర్తించలేదు. అది నాటకాన్ని మొత్తంగా ఆపగలదు, లేదా మొత్తంగా వదలగలదు. పరిశుద్ధి పేరిట శృంగారాన్ని తుడిచివేసినా కథకు న్యాయం జరగదు. మోహం లేనిదే బిల్వమంగళుని వైరాగ్యానికి అర్థం లేదు.

రచయిత రాసిన పాఠాన్ని ప్రదర్శకులు గౌరవించడం, నొచ్చుకున్నవారి మాటను ప్రదర్శకులు ఎదురుగా కూర్చొని వినడం, నిషేధాన్ని చిట్టచివరి అస్త్రంగా మాత్రమే ఉంచుకోవడం — ఈ మూడూ నిదానమైన మార్గాలు. అయినా సంస్కృతి విషయంలో సంతకం చేసే చేయి కంటే వినే చెవి మేలు.